పాత బండికి కొత్త గొంతు

పాతికేళ్లు నడిచిన పికప్ బండి కింద దూరి చూస్తే మొదట కంటపడేది తుప్పు. అందులోనూ ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టానికి, అంటే సైలెన్సర్ లైన్‌కు పట్టిన తుప్పు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అది ఆవిరై బయటికి పోవాలి. బండి ఎప్పుడూ దగ్గరి దూరాలకే తిరుగుతూ గొట్టం సరిగా వేడెక్కకపోతే ఆ నీరు చప్పుడు తగ్గించే మఫ్లర్ డబ్బాలోనే నిలిచిపోతుంది. పైకి బాగానే కనిపించే గొట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది. అందుకే పాత పికప్‌కు సైలెన్సర్ మార్పించడం చాలాసార్లు సరదా కాదు, అవసరం. ఆ పనంతా ఆకతాయితనమేనని కొట్టిపారేసేవారితో మేము ఏకీభవించం. నడిచే బండిని తుక్కుకు వేయకుండా కాపాడుకునేవారిని తప్పుపట్టాల్సిన పని లేదు.

పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. ఎలాగూ విప్పాం కదా, కాస్త లావు గొట్టం వేయిద్దాం, మఫ్లర్ పీకేద్దాం, బండి హాయిగా ఊపిరి తీసుకుంటుంది అనుకునే దగ్గర. చప్పుడు పెరగ్గానే బలమూ పెరిగినట్టు అనిపిస్తుంది. రెండు అంగుళాల గొట్టం తీసి మూడు అంగుళాలది వేస్తే లోపలి దారి 2.25 రెట్లవుతుంది. పొగ మాత్రం అంతే ఉంటుంది కాబట్టి దాని వేగం పడిపోతుంది. ఒక సిలిండర్ నుంచి దూసుకుపోయే పొగ తన వెనక ఒత్తిడిని తగ్గించి, తర్వాతి సిలిండర్ ఖాళీ కావడానికి సాయపడుతుంది. వేగం తగ్గితే ఆ సాయం పోతుంది, తక్కువ ఆర్‌పీఎమ్‌లో, అంటే ఇంజన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు, లాగుడు తగ్గుతుంది. బరువేసుకుని ఎత్తెక్కే బండికి కావలసింది ఆ లాగుడే. ఖర్చు పెట్టి మరీ పికప్ బండికి పికప్ లేకుండా చేసుకున్నవారు ఉన్నారు. ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు ఎదురొత్తిడి, ఉండి తీరాలన్న షెడ్డు మాట కూడా సరైంది కాదు. దానికి కావలసింది అడ్డంకి కాదు, పొగకు తగిన వేగం. పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో ఉన్న డీజిల్ బండి లెక్క మాత్రం వేరు. టర్బో దాటాక దారి ఎంత సులువైతే అంత మేలు, అక్కడ లావు గొట్టం అడిగేవారి మాటలో న్యాయముంది.

ఇక శబ్దం. 10 డెసిబెళ్లు పెరిగితే మన చెవికి రెట్టింపు మోతలా వినిపిస్తుంది. బండి యజమానికి అది కాసేపు ముచ్చటే. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర సెకనుకు 133 సార్లు మండుతుంది. మఫ్లర్ లేని బండిలో ఆ హోరు క్యాబిన్ నిండా నిలబడి, రెండు గంటల ప్రయాణంలో తల దిమ్మెక్కిస్తుంది. అద్దాలెత్తినా ఆగదు. వీధిలో నిద్రపోయేవారికి ఎత్తుకోవడానికి ఆ అద్దాలు కూడా లేవు.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టేది మోత కాదు, గొట్టాన్ని ఎక్కడో మధ్యలో కోసి వదిలేయడం. ఖర్చు తగ్గుతుందని కొందరు పొగను వెనకాల సరుకు వేసే తొట్టి కిందే ముగించేస్తారు. పరుగెత్తే పికప్‌లో క్యాబిన్ వెనక గాలి సుడి తిరుగుతుంది. వెనక కిటికీ కాస్త తెరిచి ఉన్నా, నేలలో చిల్లు పడినా పొగ లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి వస్తే ఎండ దెబ్బేమో అనుకుంటాం, మగత వస్తే నిద్ర చాలలేదనుకుంటాం. తొట్టిలో మనుషులు కూర్చుంటే చెప్పనే అక్కర్లేదు. గొట్టం తొట్టిని దాటి బయటికి రావాల్సిందే, ఇందులో బేరం లేదు.

క్యాటలిటిక్ కన్వర్టర్ విషయంలోనూ మేము మెత్తబడం. 1975 మోడల్ కార్ల నుంచి అమెరికాలో విస్తృతంగా వాడుకలోకి వచ్చిన ఈ డబ్బాలో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత విషవాయువులను చాలా వరకు విరిచేస్తుంది. మూసుకుపోయిందంటే ఇంజన్ నూనె తాగుతోందో, మిస్‌ఫైర్ అవుతోందో, అంటే ఇంధనం సరిగా మండట్లేదో ముందు చూడాలి. ఆ జబ్బు వదిలేసి డబ్బా కోసి పారేస్తే రోగం ఇంజన్‌లోనే ఉంటుంది, పొగ మాత్రం అందరి ముక్కుల్లోకి వస్తుంది. కొత్త డబ్బా ఖరీదైనదే, ఆ భారం చిన్నది కాదని మాకు తెలుసు. అయినా కొత్తది వేయించకుండా మిగుల్చుకునే డబ్బు పక్కవాడి ఊపిరితిత్తుల నుంచి తీసుకునేది.

అధికారులకూ ఒక మాట. కంపెనీ గొట్టం ఉందా లేదా అని వంగి చూసి చలానా రాయడం తేలిక పని. తుప్పు పట్టి చిల్లులు పడిన అసలు గొట్టం ఆ తనిఖీలో నెగ్గుతుంది, శుభ్రంగా అతికించిన స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం ఓడిపోతుంది. నిలిపి ఉంచిన బండి శబ్దాన్ని కొలిచే పద్ధతి ఐఎస్ఓ 5130 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఎప్పటి నుంచో ఉంది. గొట్టం చివర నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైకు పెడతారు. పొగను కొలిచే యంత్రాలూ ఉన్నాయి. రెండూ కలిపినా నిమిషాల పని. గొట్టం ఎవరు చేశారన్నది వదిలి, దాని నుంచి ఏం వస్తోంది, ఎక్కడికి వస్తోంది అన్నది తనిఖీ కాగితంలో మొదటి గడి కావాలి.