ఒక్క ఈమెయిల్‌తో ఎవరినైనా ఏ సైట్‌కైనా మార్చొచ్చా?

హెచ్.ఆర్. విభాగాల్లో, సైట్ సూపర్‌వైజర్ల మధ్య విస్తృతంగా తిరుగుతున్న సలహా ఇది: “బదిలీ యాజమాన్యం హక్కు. సొంత ఉద్యోగి అయినా, కాంట్రాక్ట్ కార్మికుడైనా ఒక్క ఈమెయిల్‌తో ఏ సైట్‌కైనా పంపొచ్చు. వెళ్లనంటే మర్నాడే మస్టర్‌లో (హాజరు పట్టీలో) పేరు కొట్టేయొచ్చు.” ఇందులో కొంత నిజం ఉండబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. ఈ మాటల్నీ, వీటికి తోడుగా వినిపించే మరికొన్ని మాటల్నీ ఒక్కొక్కటిగా తీసుకుని చూద్దాం.

“బదిలీ యాజమాన్యం హక్కు.” అపాయింట్‌మెంట్ లెటర్లో గానీ సర్టిఫైడ్ స్టాండింగ్ ఆర్డర్లలో (ప్రభుత్వ అధికారి ధ్రువీకరించిన సంస్థ సర్వీసు నియమాల్లో) గానీ బదిలీ షరతు ఉంటే హక్కే. లేకపోతే కుందన్ షుగర్ మిల్స్ కేసు గుర్తుంచుకోవాలి. అమ్రోహా మిల్లులో పనిచేస్తున్నవాళ్లను, యజమానులు ఆ తర్వాత కొన్న బులంద్‌షహర్ మిల్లుకు వెళ్లమన్నారు. వెళ్లనందుకు తీసేశారు. ఉద్యోగంలో చేరేనాటికి లేని సంస్థకు పంపే అధికారం, ఒప్పందంలో రాసుకోకపోతే దానంతట అది రాదని 1960లో సుప్రీంకోర్టు తేల్చింది. షరతు ఉన్నా సరే, యూనియన్‌లో తిరుగుతున్నాడని దూరం పంపితే అది దురుద్దేశపు బదిలీ. 1947 పారిశ్రామిక వివాదాల చట్టమూ, దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడూ దాన్ని అనుచిత కార్మిక విధానాల జాబితాలోనే చేర్చాయి.

“గ్రూపులో ఏ కంపెనీ అయినా ఒకటే.” ఓనర్ ఒక్కడే కావచ్చు, కానీ చట్టం దృష్టిలో ఒక్కో కంపెనీ ఒక్కో యజమాని. సమ్మతి లేకుండా ఒక యజమాని నుంచి మరో యజమానికి ఉద్యోగిని బదిలీ చేయలేరని 1989లో జవాట్‌కర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పంపక తప్పనప్పుడు రెండు కంపెనీలూ, ఉద్యోగీ ముగ్గురూ సంతకం చేసిన పత్రం ఉండాలి. పాత సర్వీసు గ్రాట్యుటీకి లెక్కకొస్తుందనీ, మిగిలిన సెలవులు కొత్త కంపెనీలో జమవుతాయనీ అందులో రాయాలి. ఈ రెండు వాక్యాలు లేక ఏళ్ల సర్వీసు పోగొట్టుకోవడం కన్నా అన్యాయం లేదు.

“కాంట్రాక్ట్ కార్మికులను మార్చడం ఇంకా సులువు.” అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ప్లాంటు అధికారి పన్నెండు మంది పేర్లు రాసి, “రేపటి నుంచి వీళ్లు రెండో ప్లాంటులో రిపోర్ట్ చేయాలి” అని మెయిల్ పెడతాడు. ఎవరు ఎక్కడ పనిచేయాలో ప్రిన్సిపల్ ఎంప్లాయరే (కాంట్రాక్టర్ ద్వారా పని చేయించుకునే సంస్థే) నిర్ణయిస్తున్నాడనడానికి ఆ మెయిలే సాక్ష్యం. కార్మికుణ్ని ఈ సంస్థకు కేటాయించాలా, మరోచోట వాడుకోవాలా అన్నది కాంట్రాక్టర్ చేతిలో ఉంటేనే అతని ప్రాథమిక నియంత్రణ నిలుస్తుందని 2009లో ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కాంట్రాక్టు బూటకమని తేలితే వాళ్లందరూ ప్రిన్సిపల్ ఎంప్లాయర్ సొంత కార్మికులే అవుతారు.

సరైన దారి ఇది. ప్రిన్సిపల్ ఎంప్లాయర్ కాంట్రాక్టర్‌కు రాయాలి: “రెండో ప్లాంటులో ఫలానా పనికి, ఫలానా తేదీ నుంచి పన్నెండు మంది ఫిట్టర్లు కావాలి.” పేర్లు ఉండకూడదు. కాంట్రాక్టర్ మనుషుల్ని ఎంచి, తన లెటర్‌హెడ్ మీద ఆర్డర్ ఇస్తాడు. అంతకుముందే వర్క్ ఆర్డర్‌లో ఆ సైట్ చేరాలి, లైసెన్సు దానికి వర్తించాలి. పాత 1970 కాంట్రాక్ట్ కార్మికుల చట్టం కింది లైసెన్సు ఆ సంస్థకు, ఆ పనికి, అందులో రాసిన సంఖ్య వరకే. ఇక కొత్త గేటు దగ్గర హాజరు, జీతాల రిజిస్టరు కాంట్రాక్టర్ పేరు మీదే నడవాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే చెల్లించాల్సింది ప్రిన్సిపల్ ఎంప్లాయరే కాబట్టి, మారిన సైట్ జీతాల షీటునూ నెలనెలా చూసుకోవాలి.

“జీతం అదే, చోటే మారింది.” రాష్ట్రం దాటితే కనీస వేతనం, వృత్తి పన్ను, పండగ సెలవులు అక్కడివే వర్తిస్తాయి. పాత జీతం అక్కడి కనీసం కన్నా తక్కువైతే పెంచక తప్పదు. ఈ.ఎస్.ఐ. (కార్మికుల వైద్య బీమా) డిస్పెన్సరీ మార్పించడం చాలామంది మరచిపోతారు. జ్వరమొచ్చినరోజు కార్మికుడు పాత ఊరికి పరిగెత్తాల్సి వస్తుంది. యజమాని మారకపోతే పీ.ఎఫ్. ఖాతా మార్చక్కర్లేదు. బదిలీతోపాటు అలవెన్సు, షిఫ్టు, ఎప్పటి నుంచో నడుస్తున్న బస్సు సౌకర్యం లాంటివి కార్మికుడికి నష్టం కలిగేలా మారితే 21 రోజుల ముందు నోటీసివ్వాలి.

“వెళ్లనంటే పేరు కొట్టేయొచ్చు.” రాతపూర్వక ఆర్డర్, చేరడానికి తగిన గడువు, రాకపోతే చార్జిషీటు (ఆరోపణలు రాసిచ్చే నోటీసు), ఆపైన విచారణ. ఇవేవీ లేకుండా మస్టర్‌లో పేరు తీసేయడం అక్రమ తొలగింపు. అలాగని బదిలీ అన్యాయమనుకున్న కార్మికుడు అర్జీ పెట్టి ఇంట్లో కూర్చోవడమూ తప్పే. అర్జీ పెట్టినంత మాత్రాన ఆర్డర్ ఆగదని 1989లోనే గుజరాత్ ఎలక్ట్రిసిటీ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. “అభ్యంతరంతో చేరుతున్నాను” అని రాసిచ్చి, ఆ కాగితం నకలు మీద తేదీతో సంతకం తీసుకుని చేరాలి. వివాదం ఆ తర్వాత లేవనెత్తొచ్చు.