ఒక శాతం రక్తం ఉంటే పిల్లను తెగ లాక్కుపోతుందా?

తెగల గురించి తెగ షేర్ అవుతున్న మాట ఒకటుంది. అమెరికాలో చెరోకీలనే ఆదివాసీ తెగ ఉండే ప్రాంతంలో ఎంత వయసు పిల్లనైనా ఆసుపత్రి గుమ్మం ముందు వదిలేసి వెళ్ళిపోవచ్చట, సేఫ్ హేవెన్ చట్టం ఉంది కాబట్టి కేసు ఉండదట. ఆ పిల్ల ఒంట్లో ఒక్క శాతం చెరోకీ రక్తం ఉందని తేలితే మాత్రం పెంచుకుంటున్నవాళ్ళ చేతుల్లోంచి తెగ లాక్కుపోతుందట.

గుమ్మం ముందు వదిలేస్తే రక్షణ ఉండదండీ. మామూలుగా ఆసుపత్రిలోనో ఫైర్ స్టేషన్‌లోనో మనిషి చేతికి అప్పగించాలి, బిడ్డ ఒంటి మీద దెబ్బలుండకూడదు. వయసుకూ హద్దుంది. చెరోకీ నేషన్ ఉన్న ఓక్లహోమాలో 30 రోజులు. ఈస్టర్న్ బ్యాండ్ అనే మరో చెరోకీ తెగ ఉండే నార్త్ కరోలినాలో మొదట 7 రోజులే, 2023లో 30కి పెంచారు. "ఎంత వయసైనా" అన్నది బహుశా నెబ్రాస్కా నుంచి పుట్టి ఉంటుంది. 2008లో వాళ్ళు వయసు హద్దు రాయకుండా చట్టం చేస్తే, కొన్ని నెలల్లోనే 30 మందికి పైగా పిల్లల్ని, అదీ ఎక్కువగా టీనేజీ వాళ్ళని, తెచ్చి వదిలారు. ఆ ఏడే కంగారుగా దిద్దుకున్నారు.

కేసు ఉండదన్నదీ అంత తేలిక కాదు. రాష్ట్ర చట్టం ఇచ్చే మినహాయింపు రాష్ట్రం పెట్టే కేసుకే కదా. 2020లో మెక్‌గర్ట్ అనే కేసులో సుప్రీంకోర్టు ఓక్లహోమాలోని క్రీక్ తెగ రిజర్వేషన్ (అంటే తెగకు కేటాయించిన భూభాగం) రద్దు కాలేదని తీర్పు ఇచ్చాక, 2021లో ఓక్లహోమా క్రిమినల్ అప్పీల్ కోర్టు చెరోకీ రిజర్వేషన్ కూడా ఇంకా ఉన్నట్టే లెక్క అంది. అక్కడ నేరం మోపబడిన మనిషి తెగ సభ్యురాలైతే మామూలుగా కేసు నడిపేది తెగో, కేంద్రమో. కాబట్టి తెగ తన సొంత చట్టంలో ఈ మినహాయింపు రాసుకోవడం ముఖ్యం, లేకపోతే రాష్ట్రం ఇచ్చిన మాట ఆ తల్లికి అక్కరకు రాకపోవచ్చు.

ఇక ఒక శాతం రక్తం. ఇక్కడ వర్తించేది 1978 నాటి ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ (ఇండియన్ అంటే మనం కాదు లెండి). బిడ్డే తెగ సభ్యురాలు కావాలి, లేదా సభ్యత్వానికి అర్హత ఉండి తల్లిదండ్రుల్లో ఒకరు సభ్యులై ఉండాలి. ముత్తాత చెరోకీ అన్నంత మాత్రాన చట్టం వర్తించదు. పైగా చెరోకీ నేషన్ రక్తం శాతం చూడనే చూడదు, పూర్వీకుల పేరు డాస్ రోల్స్‌లో (తెగ సభ్యుల పాత ప్రభుత్వ జాబితా) ఉందా లేదా అన్నదే చూస్తుంది. ఒక శాతం అన్న మాట బహుశా ఇక్కడి నుంచి వచ్చి ఉంటుంది: 2013 నాటి సుప్రీంకోర్టు కేసులో ఒక పాపను 1.2 శాతం చెరోకీ అని తీర్పు మొదట్లోనే రాశారు. తమాషా ఏంటంటే ఆ కేసులో ఓడిపోయింది చెరోకీ తండ్రి, గెలిచింది దత్తత తల్లిదండ్రులు! అసలు ఈ చట్టం ఎందుకొచ్చిందో కూడా ఆ మెసేజ్‌లో ఉండదు. అంతకుముందు జరిగిన సర్వేల ప్రకారం తెగల పిల్లల్లో 25 నుంచి 35 శాతం మందిని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి బయటివాళ్ళ ఇళ్ళలోనో సంస్థల్లోనో పెట్టారు. 2023లో సుప్రీంకోర్టు 7-2తో ఈ చట్టాన్ని నిలబెట్టింది కూడా.

అసలు చిక్కు వేరే ఉంది, దాన్ని ఎవరూ షేర్ చేయరు. సేఫ్ హేవెన్ తల్లికి ఇచ్చే భరోసా ఏంటంటే, పేరు చెప్పక్కర్లేదు. ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ ఏమో బిడ్డ పుట్టిన పది రోజుల లోపు ఇచ్చిన అంగీకారం చెల్లదంటుంది, ఆ తర్వాత ఇచ్చినా జడ్జి ముందు రాతపూర్వకంగా ఉండాలంటుంది. రెండు రోజుల పసిగుడ్డును నర్సు చేతిలో పెట్టి వెళ్ళిపోయిన తల్లి జడ్జి ముందుకు ఎలా వస్తుంది చెప్పండి? తల్లి అజ్ఞాతంగా ఉంటానన్నా బిడ్డ ఏ తెగకు చెందుతుందో కనుక్కోవాల్సిన బాధ్యత కోర్టుకు తప్పదని ఈ చట్టం కింద 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలు అంటాయి, ఆవిడ వివరాలు గోప్యంగా ఉంచమనీ అంటాయి. కానీ ఆవిడ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతే కనుక్కునేది దేన్నిబట్టి? డాస్ రోల్స్‌లో ఉన్న పూర్వీకుల దాకా సంబంధం చూపించే బర్త్ సర్టిఫికెట్లు లేకపోతే సభ్యత్వం రాదు. అంటే ఇక్కడ తెగ పిల్లను లాక్కుపోవడం కాదు, పిల్ల తమదని తెగకు ఎప్పటికీ తెలియకపోవడం జరుగుతుంది. తల్లి పేరు అడగకుండానే "ఏ తెగమ్మా మీది?" అని నర్సు అడిగి, ఇష్టమైతేనే రాయమని ఒక కాగితం ఇస్తే కొంత నయం, అదీ ఆవిడ ఆగి రాస్తేనే.