ఫార్మలిన్ డబ్బా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఫార్మలిన్ డబ్బా గారి దివ్య సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. నిన్న మధ్యాహ్నం వరకు మా ల్యాబ్‌లో పెంచాలనుకున్న కణాలు కూడా క్షేమమే. ఆ తర్వాతి సంగతి తమకే బాగా తెలుసు.

పొట్ట తగ్గించే ఆపరేషన్. కోసి తీసిన కొవ్వు ఇస్తామని సర్జన్ గారు మాటిచ్చారు. పేషెంటు సంతకం కూడా పెట్టారు. "పారేసేదే కదమ్మా, ఎవరికైనా పనికొస్తే తీసుకో" అని నవ్వారు. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ కణాలను ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా పరిశోధనకు వాడుకున్నారు. మేం అలాంటి వాళ్లం కాదని ఎథిక్స్ కమిటీకి సమర్పించిన కాగితాల బరువు ముందు ఆ పొట్ట ఎంత లెండి!

కణాలను బతికించి ఉంచే గులాబీ రంగు ద్రవం, అదే మీడియం, నింపిన సీసా పొద్దున్నే లోపలికి పంపాను. "ఇందులోనే వేయండి" అని దానిమీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాను. ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని థియేటర్ బయట కూర్చున్నాను. ఐస్ కరిగింది, మళ్లీ తెచ్చుకున్నాను. చివరికి తలుపు తెరుచుకుని బయటికొచ్చింది ఎవరు? తమరు. మూత తీయగానే కళ్లు మండాయి.

"చెడిపోకుండా ఫార్మలిన్‌లో వేశాం మేడమ్. పదేళ్లయినా ఇలాగే ఉంటుంది," అన్నారు సిస్టర్ ఎంతో ఆప్యాయంగా.

ఉంటుంది. శవం కూడా ఉంటుంది.

పసుపుపచ్చగా, చేతిలోంచి జారిపోతూ ఉండాల్సిన ముద్ద పైనంతా పాలిపోయి బిగుసుకుంది. లోపల ఇంకా మెత్తగానే ఉంది. ఆశ చావక కోసి చూశాను. అక్కడా తమ పరిమళమే.

అసలు మా పని ఏమిటో తమకెవరూ చెప్పినట్టు లేరు. ఆ కొవ్వును సన్నగా తరిగి, కొలాజినేజ్ ఎంజైమ్ కలిపి, 37 డిగ్రీల దగ్గర ఊపుతూ ఉంచితే అల్లిక విడిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నూనె పైకి తేలుతుంది, అడుగున ఎర్రటి చిన్న మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలోని కణాల కోసమే ఈ తిప్పలన్నీ. లైపోసక్షన్‌లో పీల్చి పారేసే కొవ్వులో ఎముకగా, మృదులాస్థిగా మారగల కణాలున్నాయని 2001లో లాస్ ఏంజెలెస్‌లో పట్రీషియా జుక్ బృందం చూపించింది. పీకేసిన జ్ఞానదంతాల గుజ్జులోనూ ఇలా వేరే కణాలుగా మారగల మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఉన్నాయని అంతకు ముందు ఏడాదే తేలింది. కానీ ఆ కణాలు బతికి ఉండాలి కదా! తమరేమో ప్రొటీన్లను ఒకదానికొకటి కట్టేస్తారు. కణం ఎలా ఉన్నది అలాగే కొయ్యబారుతుంది. ఇక కొలాజినేజ్‌కి పళ్లు దిగవు. ఆ ఎంజైమ్ ధర చెప్పి తమను నొప్పించను. ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించి పెట్టుకున్నాను, అదీ పాయె.

తమ పక్కనుండే, ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచి గారే నయం. ఆయన నోట పడితే నేరుగా బూడిదే, దాచామని అబద్ధం చెప్పరు.

1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్ తమను క్రిములు చంపే మందుగా పరీక్షిస్తుంటే ఆయన వేళ్ల చర్మమే గట్టిపడిందట. చేతులు కడుక్కుని ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. ఊరుకుంటే బయాప్సీ రిపోర్టులు ఎలా వచ్చేవి అంటారా? ఒప్పుకుంటాను. గడ్డ మంచిదో చెడ్డదో తేల్చాలంటే పాథాలజీ వాళ్లకు తమరే దిక్కు. మా ఇంట్లోవాళ్లకు గడ్డ వచ్చినా తమలోనే వేయమంటాను, రెండు చేతులూ జోడించి.

కానీ బయటికి వచ్చిన ప్రతిదీ మీ నోట్లోనే పడాలని ఎక్కడ రాసి ఉంది? సీసా మీద అంత పెద్ద అక్షరాలు రాస్తే చదివేవాళ్లే లేరా? ఆవిడ నవ్వుతూ ఇచ్చింది. తిరిగి అడగడానికి ఆవిడకు ఇంకో పొట్ట లేదు. నేనేం చెప్పాలి?

వచ్చే గురువారం మోకాలి మార్పిడి ఉంది. చిప్ప కింద కొవ్వు ముద్ద తీసి ఇస్తామన్నారు. ఆ రోజు థియేటర్ లోపలే నిలబడటానికి అనుమతి తెచ్చుకున్నాను. తమ మూతకు టేపు వేసి, తమరిని పై అరలో కూర్చోబెడతాను. కిందకి దిగితే మర్యాద దక్కదని మనవి.

ఇట్లు,
కళ్లు ఇంకా మండుతున్న
కల్చర్ ల్యాబ్ ఉద్యోగిని