సవరణ: కరావాంగ్ కాకి కాదు, జాతులు మూడే

ఆస్ట్రేలియా పక్షుల గురించిన కిందటి పోస్టులో కాకిలా కనిపించే కరావాంగ్‌ది కాకి కుటుంబమని, దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలోని ‘క్లింకింగ్ కరావాంగ్’ నాలుగో జాతి అని ఉంది. రెండూ సరికావు. ఇవి ఆస్ట్రేలియన్ మాగ్‌పై, బుచర్‌బర్డ్ అనే పక్షులకు దగ్గరి చుట్టాలు. జాతులు మూడే: పైడ్, గ్రే, బ్లాక్; క్లింకింగ్ అనేది గ్రే కరావాంగ్‌లో ఒక ఉపజాతి.

గుర్తుపట్టాలంటే ముందు తోక చూడండి. తోక మొదట్లో పైన కూడా తెలుపుంటే అది పైడ్. సిడ్నీ పార్కుల్లో కనిపించేది ఇదే. మొదట్లో అడుగున మాత్రమే తెలుపుంటే గ్రే. బ్లాక్ కరావాంగ్‌కు తోక మొదట్లో తెలుపే ఉండదు, రెక్కల కొసల్లో, తోక చివర మాత్రం ఉంటుంది. అది టాస్మేనియా, దగ్గరి దీవులు దాటి రాదు.

ఒంటి రంగును మాత్రం నమ్మొద్దు. టాస్మేనియా గ్రే దాదాపు నల్లగానే ఉంటుంది, దాన్ని బ్లాక్ అనుకుని చాలామంది పొరబడతారు. అన్నట్టు, ఎదిగిన కరావాంగ్ కళ్లు పసుపు రంగులో ఉంటాయి, కాకి కుటుంబానికి చెందిన ఆస్ట్రేలియన్ రేవెన్‌వి తెల్లగా.