వాకిట్లో నిలబడ్డ గ్రబ్ గారికి

తిరుపతి, కొర్లగుంట నుంచి.

మహారాజశ్రీ గ్రబ్ గారి సముఖమునకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను కుశలం. మీకేం, ఇంట్లోవాళ్లు ఏమైపోయినా మీరు వాకిట్లో కుశలంగానే ఉంటారు. మన మధ్యనున్న హార్డ్‌డిస్కే మొన్న చచ్చి బతికింది. దాని గురించే ఈ ఉత్తరం.

కంప్యూటరు వేయగానే విండోస్‌లోకి పోతావా, వేరేదాంట్లోకి పోతావా అని అడిగే ప్రోగ్రాము మీరు. నన్ను రోజూ చూస్తారు గానీ గుర్తుపట్టరు. తెల్లారగట్ల నల్ల తెర మీద మీరు పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెడుతుంటే, కళ్లజోడు కోసం ఒక చేత్తో, కిందిబాణం మీట కోసం ఇంకో చేత్తో తడుముకునే మనిషిని నేనే.

మా డెస్క్‌టాప్ 2013 నాటిది. ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్కు. విండోస్ 10 మీద దాని మానాన అది బతుకుతుండగా, 2025 అక్టోబరు 14తో ఆ 10కి కాలం చెల్లిందన్నారు. ఇక సెక్యూరిటీ అప్‌డేట్లు ఊరికే రావట. సరే, 11 వేయించుకుందామని డబ్బాను బండి మీద పెట్టుకుని దుకాణానికి పోయినాను. 11కి భద్రత చూసే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. మాది నాలుగో తరం. దుకాణం కుర్రోడు మూత తీసి చూసి, "అన్నా, బోర్డు మార్చల్ల, ప్రాసెసరు మార్చల్ల, ర్యామ్ మార్చల్ల. క్యాబినెట్ మాత్రం ఇదే పెట్టుకోవచ్చు" అని ధైర్యం చెప్పినాడు.

అప్పుడు దొరికినాడు పక్కింటి ఇంజినీరింగు పిల్లాడు. "విండోస్ బదులు లైనక్స్ వేసుకోండి అంకుల్, ఫ్రీ" అన్నాడు. ఫ్రీ అంటే ఏమిటో మా ఊరివాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. సర్వదర్శనం కూడా ఫ్రీయే. టికెట్టు లేదు, వైకుంఠం కంపార్టుమెంట్లో కూర్చోవడమే ఖర్చు. మీ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వంశానికి మూలపురుషుడు స్టాల్‌మన్ 1983లో ఆ ప్రాజెక్టు ప్రకటించింది మొదలు, ఫ్రీ అంటే వట్టినే రావడం కాదు, స్వాతంత్ర్యం అని జనానికి చెప్పీ చెప్పీ అలిసిపోయినాడు. పాపం, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. మనకు ఆ తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. పిల్లాడు చెప్పింది ఉచితం. నాకు దక్కింది స్వేచ్ఛ, అంటే నా డిస్కును నా చేతులతో నేనే పాడుచేసుకునే స్వేచ్ఛ.

మీ పూర్తి పేరు గ్రాండ్ యూనిఫైడ్ బూట్‌లోడర్ అని, మీరు పుట్టింది 1995లో అని పిల్లాడు చెబితే, రాజుగారి బిరుదు విన్నట్టు పొంగిపోయినాను. ఆ సంబరంలో గ్రబ్ అంటే ఇంగ్లీషులో పురుగనే అర్థం కూడా ఉందని మా నాయన చెవిన వేసినాను. ఆయన ముప్పై ఏళ్లు చెనిక్కాయ పండించిన మనిషి. "వేరుపురుగా? అది పడితే మొదట్లో పైన చెట్టు పచ్చగానే ఉంటాదిరా, పెరికి చూస్తే కింద వేరుండదు. డబ్బులిచ్చి చంపే పురుగును నువ్వు ఇంట్లోకి తెచ్చుకుంటుండావా" అన్నాడు. ఆ మాట అప్పుడు నవ్వులాటగా తీసుకున్నాను.

వేయడం గురించి చెప్పడానికేమీ లేదు. 3 జీబీ దాకా ఉన్న, మింట్ అనే రకం లైనక్స్ ఫైలును దించి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించినాము. డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూసుకోవచ్చు కాబట్టి రెండు రోజులు అట్లా చూసినాము. మోకాళ్లపర్వతం ఎక్కడానికి తువ్వాలు తలకు చుట్టుకుని సిద్ధపడితే లిఫ్టు కనబడినట్టు, అరగంటలో పని అయిపోయింది. చెమట పట్టింది ఒక్కచోటే. డిస్కు మొత్తం తుడిచి వేయమంటారా, విండోస్ పక్కన చోటు చేసి వేయమంటారా అని అడిగిన చోట. రెండు మాటలూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి! ఇల్లు కూల్చాలా, వరండాకు వెల్ల వేయాలా అని ఒకే గొంతుతో అడిగే మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద ఉన్నాయి గనక వందల ఏళ్లు మూలన పడున్నా బతికినాయి. మా పెళ్లి ఫోటోలు రాగిరేకుల మీద లేవు. వాటిని వేరే డిస్కులో దాచి, విండోస్ పక్కన 100 జీబీ కొలిచి లైనక్స్‌కు ఇచ్చినాను.

మరుసటి పొద్దున మీరు వచ్చి వాకిట్లో నిలబడినారు. ద్వారపాలకులు వైకుంఠంలో ఇద్దరు, మా ఇంట్లో మీరొక్కరే. పైన లైనక్స్ పేరు, అట్టడుగున విండోస్ పేరు, పది సెకన్లు గడువు. కొండమీద స్వామి ముందు నిలబడితే "జరగండి, జరగండి" అని ఆ పాటి సేపు కూడా ఉండనివ్వరు, నిజమే. కానీ అక్కడ మమ్మల్ని ఎవరూ ఏమీ ఎంచుకోమనరు గదా! మా అమ్మ ఐదింటికి లేచి, సుప్రభాతం పెట్టుకుందామని స్విచ్చి వేసి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చేలోపల మీ పది సెకన్లు అయిపోతాయి. అడగనివాళ్లకు మీరు లైనక్స్ ఇచ్చి పంపుతారు. "ఏంరా, మన తలుపే తీస్తే వేరేవాళ్ల ఇల్లు వచ్చుండాది" అని ఆమె నన్ను లేపుతుంది.

గడియారం గొడవ ఒకటి. లైనక్స్ మదర్‌బోర్డు గడియారాన్ని గ్రీనిచ్ లెక్కకు తిప్పి పెడుతుంది. విండోస్ వచ్చి, అదే మన ఊరి టైము అనుకుంటుంది. తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. పొద్దున ఐదింటికి సుప్రభాతానికి లేస్తే విండోస్‌లో ముందురోజు రాత్రి పదకొండున్నర, ఊరంతా పడుకునే వేళ. ఇందులో మీ తప్పేమీ లేదని తరవాత తెలిసింది. కానీ తిట్టాలనిపించినప్పుడు వాకిట్లో కనబడిన వాడినే కదా తిడతాం.

ఇంతలో గంగజాతరకు మా బామ్మర్ది దిగినాడు. జాతరలో దొరవేషం చూసి వచ్చి, నా కంప్యూటరు ముందు దొర మాదిరి కూర్చున్నాడు. విండోస్‌లో డిస్కు పటం తెరిస్తే లైనక్స్ భాగానికి పేరుండదు, సీ, డీ లాంటి అక్షరముండదు, పైగా నూటికి నూరు శాతం ఖాళీ అని చూపిస్తుంది. "బావా, నీ డిస్కులో నూరు జీబీ వట్టిగా పడుండాది. ఎవురూ వాడల్యా. తీసేసి డీలో కలిపేసినా" అన్నాడు, కాఫీ తాగుతా. ఆ మాట విని నేను థాంక్స్ కూడా చెప్పినాను, నాకు అర్థం కాక.

మరుసటి పొద్దున మీరున్నారు గానీ మీ పట్టిక లేదు. అట్లాంటి పార్టిషన్, అంటే డిస్కులో వాటా, ఏదీ లేదని ఒక ముక్క, దాని కింద గ్రబ్ రెస్క్యూ అని ఇంకో ముక్క. ఆ పక్కన మినుకుమినుకుమనే గుర్తు. రెస్క్యూ అంటే రక్షించడం కదా! గజేంద్రుడు మొరపెట్టుకుంటే విష్ణువు పరిగెత్తి వచ్చినాడు. మీ దగ్గర రక్షించాల్సినవాడే మడుగులో పడి, ఒడ్డున ఉన్న ఏనుగును పిలుస్తుంటాడు.

ఆ రోజు మీ శరీరశాస్త్రం చదివినాను. మా డిస్కు పాత పద్ధతిది. మీ తల దాని తొట్టతొలి సెక్టారులో, అంటే మొదటి గదిలో ఉంటుంది. అక్కడున్నదే 512 బైట్లు. పార్టిషన్ల పట్టికకు 64, చివర సంతకానికి 2 పోతే మీకు మిగిలేది 446. యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది కాబట్టి, ఆ చోట ఒక కందపద్యం ఇరుకిరుగ్గా పడితే పడుతుంది, సీసానికి చోటు చాలదు. అందుకని మొండెం ఆ వెనక ఉన్న ఖాళీలో వాల్చి, కాళ్లు తీసుకుపోయి లైనక్స్ భాగంలో చాపుకుంటారు. అచ్చం మా గోవిందరాజస్వామి పవళింపే! ఆయన కుబేరుడి అప్పు కొలిచి కొలిచి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడంటారు. మీ తలకింద ఆ 64 బైట్ల పట్టిక, అదీ కొలతల చిట్టాయే. బామ్మర్ది కోసిపారేసింది మీ కాళ్లను. తల మాత్రం పైన మిగిలి నన్ను చూస్తా ఉంది. పైన చెట్టు పచ్చగానే ఉంటాదని మా నాయన ముందే చెప్పినాడు. వేరు తిన్న పురుగు మా ఇంట్లో కాఫీ తాగుతోందని మాత్రం ఆయనా కనిపెట్టలేదు.

మీకొక రహస్యం చెబుతా. ఆ రోజు మీ ఉద్యోగం పోవాల్సింది. విండోస్ వేసే పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్క లైను కొడితే మిమ్మల్ని అరుగు మీది నుంచి దించేయొచ్చు, లోపల ఫైళ్లకేమీ కాదు. మా ఆవిడ ఓటు దానికే. పక్కింటి పిల్లాడు కూడా తల ఊపినాడు. నాకే చెయ్యి రాలేదు. ఎందుకంటే, విండోస్ తన దారిన తాను వేసుకుంటే పక్కవాటా ఊసే ఎత్తదు. మీరు అట్లా కాదు. మీకు సొంత వాటా వేరే ఉన్నా, పరాయివాడి పేరు కూడా పట్టికలో రాసి నిలబడతారు. అట్టడుగున రాస్తారు, అది వేరే సంగతి. మా అన్నదమ్ముల్లో అంత మర్యాద నేను చూడలేదు. మళ్లీ 100 జీబీ కొలిచినాను. మళ్లీ లైనక్స్ వేసినాను. మీ కాళ్లు మీకు వచ్చినాయి.

ఇక మిగిలింది ఆ పది సెకన్లు. మీ సెట్టింగుల ఫైలు తెరిచి 10 కొట్టేసి మైనస్ 1 పెడితే, ఎవరో ఒకరు మీట నొక్కేదాకా మీరు ఆగుతారట. పెట్టినాను. ఏమీ మారలేదు. ఫైలు మార్చినాక అప్‌డేట్-గ్రబ్ అని ఇంకో ఆజ్ఞ ఇవ్వాలట. అర్జీ ఇచ్చినంత మాత్రాన పనవుతుందా, సీలు పడాలి కదా! అదీ చేసి నిశ్చింతగా పడుకున్నాను.

ఏడింటికి లేచి చూస్తే అమ్మ మీ ముందు స్టూలు వేసుకుని కూర్చోని ఉంది. స్విచ్చి వేసింది ఐదింటికి. మీరు చెప్పిన మాట ప్రకారం ఆగినారు. ఆమె కూడా ఆగింది.

"ఏమ్మా, ఇంకా పాట పెట్టుకోలేదా?"

"యాడ నాయనా, క్యూ ఇంకా వదల్లేదు."

ఇట్లు,
తమ కిందిబాణం మీట వాడు

తా.క.: మైనస్ 1 తీసేసి 60 పెట్టినాను. సీలు కూడా వేసినాను. ఈ ఆదివారం బామ్మర్ది మళ్లీ వస్తున్నాడు. కీబోర్డు బియ్యం డ్రమ్ములో ఉంది. మీరు ఎవరికీ చెప్పరని నమ్మకం.