సంతకు దారి మూసేసిన సరిహద్దు

పోటీ పరీక్షల పుస్తకాల్లో బాల్కన్ యుద్ధాలకు దక్కేది ఒక పేరా. 1912లో సెర్బియా, మాంటెనెగ్రో, గ్రీస్, బల్గేరియా కలిసి ఒట్టోమన్ సామ్రాజ్యాన్ని ఐరోపా నుంచి దాదాపుగా తరిమేశాయి, అంతే. ఆ సైన్యాలు నడిచిన దారిలో ఎవరి ఇళ్లున్నాయో ఆ పేరా చెప్పదు.

సెర్బియాకు అప్పట్లో సముద్రం లేదు. కొసొవో చేతికి చిక్కగానే దాని సైన్యం ఆడ్రియాటిక్ రేవుల కోసం అల్బేనియా కొండల్లోకి దిగింది. కొసొవోలోని ప్రిజ్రెన్ పట్టణం నుంచి పడమరకు వెళ్లే దారిలో లూమా ఉంది. నల్ల డ్రిన్, తెల్ల డ్రిన్ నదులు కలిసే కుకెస్ చుట్టూ ఉన్న కొండసీమ అది. 1912 నవంబర్‌లో అక్కడి అల్బేనియన్ తెగలవాళ్లు సెర్బియా దళాలకు ఎదురు తిరిగి వెనక్కి నెట్టారు.

వాళ్లను కలిపింది ఏ ప్రభుత్వమో కాదు, బెసా. అంటే ఇచ్చిన మాట. ఆ కొండల్లో ఇంటికీ ఇంటికీ నెత్తుటి పగలుండేవి. పగ తగిలిన ఇంటి మగవాడు కుల్లాలోనే ఉండిపోయేవాడు. మందపాటి రాతిగోడలు, తుపాకీ గొట్టం పట్టేంత కిటికీలు ఉన్న ఇల్లది. బయటి నుంచి శత్రువు వస్తే పెద్దలు బెసా కట్టేవారు, పగలు ఆగేవి. నిన్నటిదాకా ఒకరికొకరు ఎదురుపడని వాళ్లు ఒకే గుట్ట మీద కాపు కాసేవారు.

దీన్ని జాతీయోద్యమం అని మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. 1912 నవంబర్ 28న వ్లోరా పట్టణంలో అల్బేనియన్ నాయకుడు ఇస్మాయిల్ కెమాలి అల్బేనియా స్వాతంత్ర్యం ప్రకటించారు, నిజమే. కానీ ఉత్తరాన హోతి, గ్రుడా తెగల్లో కొందరు మొదట్లో మాంటెనెగ్రో పక్షాన పోరాడారు. 1911లో ఒట్టోమన్లపై తిరగబడినప్పుడు ఆశ్రయమిచ్చింది ఆ దేశమే మరి. తీరా 1913లో ఐరోపా పెద్ద రాజ్యాలు ఆ తెగల నేలను మాంటెనెగ్రోకే రాసిచ్చాయి. కొండవాళ్లు పోరాడింది ముందుగా తమ నేల కోసం, తమ కట్టుబాటు కోసం అని నా అభిప్రాయం.

లూమా ఎదిరించినందుకు మూల్యం ఘోరం. సైన్యం మళ్లీ వచ్చి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది, ఆడవాళ్లనూ పిల్లలనూ వదల్లేదు. ఇది శత్రువులు కట్టిన కథ కాదు. ఆ యుద్ధంలో సెర్బియా అధికారిగా పనిచేసిన సోషలిస్టు నాయకుడు దిమిత్రియె తుత్సోవిచ్ 1914లో తన దేశపు దురాగతాలను పుస్తకంగా రాశారు. అంత ధైర్యం ఎప్పుడూ అరుదే.

అయినా కొండలను విరిచింది తుపాకుల కన్నా ఆ పెద్ద రాజ్యాలు లండన్ సమావేశంలో గీసిన సరిహద్దు గీత అంటాను. ష్కోడర్ అల్బేనియాకు దక్కాలని ఆస్ట్రియా పట్టుబట్టి, బదులుగా జకోవాను వదులుకుంది. ప్రిజ్రెన్, దిబ్రా సెర్బియాకు పోయాయి. కొండవాళ్లు గొర్రెలు, ఉన్ని అమ్ముకుని ఉప్పు కొనుక్కునే సంతలన్నీ ఆ పట్టణాల్లోనే. ఊరు ఒక దేశంలో, సంత ఇంకో దేశంలో! సెర్బియా ఆ సంతల దారి మూసేసింది. 1913 సెప్టెంబర్‌లో దిబ్రా ప్రాంతం తిరగబడింది. సెర్బియా సైన్యం అణచివేసి, సరిహద్దు దాటి అల్బేనియాలోకి కూడా వచ్చింది, వేలాది కుటుంబాలు కొండలు దాటి పారిపోయాయి. అక్టోబర్‌లో ఆస్ట్రియా హెచ్చరించాకే సైన్యం సరిహద్దు వెనక్కి మళ్లింది.

గీత మాత్రం కదల్లేదు. 1999లో సెర్బియా బలగాలు కొసొవో నుంచి తరిమేసిన లక్షలాది అల్బేనియన్లు అదే ప్రిజ్రెన్ దారిన ట్రాక్టర్ల మీద కుకెస్ చేరారు. తమకే సరిగా తిండి లేని లూమా కుటుంబాలు వాళ్లను ఇళ్లలోకి తీసుకెళ్లి పడుకోబెట్టాయి.