లా చదివే పిల్లలందర్నీ పేటెంట్ల వైపే తోయకండి

ఇక్కడ అమెరికాలో ఇంట్లో ఎవరైనా లా స్కూల్‌కి వెళ్తానంటే మన తెలుగువాళ్లు వెంటనే ఇచ్చే సలహా ఒకటే: "ఎలాగూ ఇంజినీరింగ్ చేశావుగా, పేటెంట్ లా చెయ్యి." చదివిన నాలుగేళ్లు వృథా కాకూడదన్నది ఆ లెక్క. ఆ లెక్క సగమే నిజం. మిగతా సగం తెలియక ఇద్దరు నష్టపోతున్నారు. ఇంజినీరింగ్ చదవని పిల్లలు మేధో సంపత్తి కేసులు తమకు అందనివని వదిలేస్తున్నారు. చదివినవాళ్లేమో తమకు సరిపడని పనిలో ఇరుక్కుంటున్నారు. కోర్టులో కాపీరైట్, ట్రేడ్‌మార్క్, మీడియా కేసులు నడిపే లాయర్ పని వేరు. తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకు అందులో సహజంగానే కొంత పైచేయి ఉంది. దాన్ని గురించి మన తెలుగు సంఘాల కెరీర్ సదస్సుల్లో ఎవరూ చెప్పరు.

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం. పేటెంట్ ఆఫీసుకు దరఖాస్తు రాసి, ఎగ్జామినర్ అభ్యంతరాలకు జవాబిచ్చి పేటెంట్ తెప్పించే పనికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ పరీక్ష ఉంది. ఆరు గంటల్లో 100 ప్రశ్నలు. రాయాలంటే మామూలుగా సైన్సో ఇంజినీరింగో చదివి ఉండాలి. ఫెడరల్ కోర్టులో పేటెంట్ కేసు వాదించడానికి మాత్రం ఈ పరీక్షతో పని లేదు, బార్ లైసెన్స్, అంటే లాయర్‌గా ప్రాక్టీస్ చేసే అనుమతి, ఉంటే చాలు. జ్యూరీలో కూర్చునేది స్కూల్ టీచర్లు, ట్రక్ డ్రైవర్లు, రిటైరైన నర్సులు. వాళ్లకు సర్క్యూట్ అర్థమయ్యేలా చెప్పగలిగేవాడు కావాలి, సర్క్యూట్ గీయగలిగేవాడు కాదు. గీసేవాళ్లను ఎక్స్‌పర్ట్ సాక్షులుగా డబ్బిచ్చి తెచ్చుకుంటారు. కాపీరైట్, పరువునష్టం కేసులకైతే ఇంజినీరింగ్ ప్రసక్తే లేదు.

మరి ఏం కావాలి? రాత కావాలి. సినిమాల్లో చూపించినట్టు కోర్టు హాల్లో గొంతు పెంచే పని కాదిది. ఫెడరల్ సివిల్ కేసుల్లో ట్రయల్ దాకా వెళ్లేవి నూటికి ఒకటి కూడా ఉండవు. మిగతావి మోషన్ల మీద, అంటే జడ్జికి రాసిచ్చే వినతుల మీద, తేలిపోతాయి, లేదా రాజీ అవుతాయి. దావా నోటీసు అందిన 21 రోజుల్లో జవాబు దాఖలు చెయ్యాలి. దానికన్నా ముందు, మొదటి రోజే, క్లయింట్‌కి ఒక ఉత్తరం వెళ్లాలి: ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు, డ్రాఫ్టులు ఏదీ చెరపొద్దని. ఈ ఒక్క ఉత్తరం ఆలస్యమై కేసులు పోతుంటాయి. వాట్సాప్‌లో ఏడు రోజులకు మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆపడం ఎవరికీ గుర్తుండదు. పోయినవి మరోచోట దొరక్కపోతే, కావాలనే పోగొట్టారని జడ్జి నమ్మితే, "అందులో మీకు వ్యతిరేకమైనదే ఉందనుకోవచ్చు" అని జ్యూరీకి చెప్పే అధికారం ఫెడరల్ రూల్ 37(ఇ) ఇస్తుంది.

అక్కడి నుంచి డిస్కవరీ, అంటే ట్రయల్‌కి ముందు ఒకరి దగ్గరున్న సాక్ష్యాలు ఇంకొకరు తెప్పించుకునే దశ. ఒక్కో పక్షానికి 25 రాతపూర్వక ప్రశ్నలు, పది డిపొజిషన్లు (కోర్టు బయట సాక్షితో ప్రమాణం చేయించి ప్రశ్నించడం). ఒక్కో డిపొజిషన్ ఒక్క రోజు, ఏడు గంటలు. జూనియర్ లాయర్ మొదటి రెండు మూడేళ్లు గడిపేది ఇక్కడే: వేల పత్రాలు చదవడం, ఏది లాయర్-క్లయింట్ రహస్యమో ఏది కాదో వేరుచేసి జాబితా రాయడం, డిపొజిషన్ చేసే సీనియర్‌కి ప్రశ్నల అవుట్‌లైన్ తయారు చేయడం. మంచి అవుట్‌లైన్‌లో "ఆ పాట వాడేముందు ఎవరి అనుమతి తీసుకున్నారు?" అన్న ప్రశ్నతో పని అయిపోదు. జవాబు వచ్చాక "ఇంకెవరైనా?" అనాలి. మళ్లీ "ఇంకెవరైనా?" సాక్షి "ఇంకెవరూ లేరు" అనేదాకా అడగాలి. ఆ మాట ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడితే ఏడాది తర్వాత ట్రయల్‌లో కొత్త అనుమతి పత్రం పుట్టుకురావడం కష్టం.

తెలుగు సాక్షి అయితే ఇంకో చిక్కు. మనం వింటున్నామని చెప్పడానికి ఊఁ కొడతాం, తల ఊపుతాం. తల ఊపితే స్టెనోగ్రాఫర్ రాసుకోలేదు, ఊఁ కొడితే ఉన్నదున్నట్టు రాసుకుంటుంది, తర్వాత చదివితే అది ఒప్పుకున్నట్టే ఉంటుంది. దుబాసీని పెట్టుకుని, ప్రశ్న ఇంగ్లీషులోనే అర్థమైపోయి దుబాసీ నోరు తెరవకముందే జవాబిచ్చేవాళ్లు ఇంకో రకం. దాంతో "ఈయనకు ఇంగ్లీషు వచ్చు, దుబాసీ నాటకం" అని ఎదుటి పక్షం అంటుంది. సాక్షిని ముందురోజు కూర్చోబెట్టి ఈ రెండూ చెప్పాలని తెలుగు తెలిసిన లాయర్‌కి తోచినట్టు వేరేవాళ్లకు తోచదు.

పైచేయి అన్నది ఇలాంటి చోటే. కానీ దానికి అసలు నిదర్శనం సినిమా కాగితాల్లో ఉంది. ఒక తెలుగు సినిమాను అనుమతి లేకుండా అమెరికాలో స్ట్రీమ్ చేశారని ఓవర్సీస్ హక్కులు కొన్నాయన ఇక్కడ దావా వేశాడనుకోండి. ఉల్లంఘన జరిగిందా అన్నది అమెరికా చట్టం ప్రకారం చూస్తారు. ఆ హక్కులు అసలు ఈయనవేనా అన్నది మాత్రం సినిమాకు దగ్గరి సంబంధమున్న దేశం, అంటే భారతదేశం, చట్టం ప్రకారం చూస్తారు. న్యూయార్క్‌లో ఉన్న రెండో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) 1998లో ఒక రష్యన్ పత్రికల కేసులో పెట్టిన దారి ఇది. ఇప్పుడు ఆయన హక్కుల ఒప్పందం రాసుకున్న స్టాంపు పేపర్ తీయండి. కాలవ్యవధి రాయకపోతే భారత కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లే అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే అనుకుంటుంది! కొన్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకుంటే, అది రద్దయినట్టే. 2012 సవరణ తర్వాతైతే, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు అందులో విడిగా రాయకపోతే ఆ హక్కు బదిలీ కాదు. "సర్వ హక్కులూ ఇచ్చేశాను" అన్న ఒక్క వాక్యాన్ని నమ్ముకున్నవాళ్ల గతి ఏమిటో ఆలోచించండి. పైగా నిర్మాత ఒకే సినిమాను ఆడియో కంపెనీకి, శాటిలైట్‌కి, డిజిటల్‌కి, రీమేక్‌కి, ఓవర్సీస్‌కి ముక్కలుగా అమ్మి ఉంటాడు. ఆ గొలుసులో ఒక్క సంతకం లేకపోయినా దావా వేసినాయనకు కోర్టులో నిలబడే అర్హతే పోతుంది. ఈ కాగితాలు చదవగలిగి, ఫిలింనగర్‌లో వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిసి, ఫెడరల్ కోర్టుకు నచ్చేలా బ్రీఫ్ (కోర్టుకు రాసిచ్చే వాదన) రాయగలిగినవాళ్లు ఈ దేశంలో ఎందరున్నారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రిజిస్ట్రేషన్ విషయంలోనూ మనవాళ్లు పొరబడతారు. అమెరికాలో పుట్టిన రచనైతే కాపీరైట్ ఆఫీసు రిజిస్టర్ చేశాకే కేసు వెయ్యాలి, దరఖాస్తు పెట్టి ఉంటే సరిపోదని అమెరికా సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. భారత్‌లో మొదట విడుదలైన సినిమాకు ఆ షరతు లేదు, నేరుగా కేసు వెయ్యొచ్చు. అయితే ఉల్లంఘనకు ముందో, విడుదలైన మూడు నెలల్లోనో రిజిస్టర్ చేయించకపోతే, ఎక్కడి సినిమా అయినా సరే, చట్టం నిర్ణయించిన పరిహారమూ రాదు, లాయర్ ఫీజూ రాదు. ఆ పరిహారం ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్లు, తెలిసి చేసిన తప్పయితే 1,50,000 దాకా. అది లేకపోతే జరిగిన నష్టమెంతో లెక్కలతో రుజువు చేయాలి. రాబట్టేదానికంటే ఫీజే ఎక్కువయ్యే కేసును ఏ లాయరూ తీసుకోడు. వందలోపు డాలర్ల ఖర్చుతో అయ్యే రిజిస్ట్రేషన్‌ని విడుదల హడావిడిలో మరిచిపోయి, తర్వాత లక్షల్లో పోగొట్టుకుంటారు.

మన సంఘాలకు రోజూ తగిలే సమస్య ఇంకా చిన్నది. సంక్రాంతి సంబరాల్లో పిల్లలు సినిమా పాటకు డాన్స్ చేస్తారు. హాల్లో పాట మోగించడానికి, హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసే ఆస్కాప్, బీఎంఐ లాంటి సంస్థల లైసెన్స్ కావాలి. అది పాట రాసినవాళ్లకు, స్వరపరిచినవాళ్లకు చెందేది. అదే డాన్స్ వీడియో యూట్యూబ్‌లో పెడితే ఆ లైసెన్స్ పనికిరాదు. బొమ్మకు పాట జోడించే హక్కు వేరు, ఆడియో కంపెనీ దగ్గరున్న రికార్డింగ్ హక్కు వేరు. వీడియో పెట్టగానే వచ్చేది చాలాసార్లు, యూట్యూబ్ తనంతట తానే పాటను గుర్తుపట్టే కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది, అంతే. చట్టప్రకారం వచ్చే తొలగింపు నోటీసు సంగతి వేరు. అది స్ట్రైక్. 90 రోజుల్లో మూడు పడితే చానల్ మూతపడవచ్చు. దీనికి కౌంటర్ నోటీసు ఇవ్వొచ్చు. ఇచ్చిన 10 నుంచి 14 పనిదినాల్లో అవతలివాళ్లు కేసు వేయకపోతే వీడియో తిరిగి రావాలి. కానీ ఆ కౌంటర్ నోటీసులో అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం చేసి, పేరూ అడ్రసూ ఇచ్చి, ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని రాయాలి. సాంస్కృతిక కార్యదర్శి సరదాగా నొక్కే బటన్ కాదది.

ఇక మీడియా కేసులు. సంఘాల ఎన్నికలొచ్చాయంటే తెలుగు యూట్యూబ్ చానళ్లలో ఎవరి నోటికి ఎంత వస్తే అంత. పరువునష్టం దావా వెయ్యడానికి కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, టెక్సాస్ అన్నిట్లో గడువు ఏడాదే. బాధితుడు పెద్దమనుషుల పంచాయతీలో ఆ ఏడాదీ గడిపేసి లాయర్ దగ్గరికొస్తాడు. వచ్చినా, ప్రజా వ్యవహారంలో పేరున్న మనిషైతే, అబద్ధమని తెలిసే అన్నారని లేదా నిజమో కాదో పట్టించుకోకుండా అన్నారని రుజువు చేయాలి. 1964లో న్యూయార్క్ టైమ్స్ మీద సలివన్ వేసిన కేసు పెట్టిన కొలబద్ద అది. చానల్ తరఫు లాయర్‌కి కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో ఇంకో ఆయుధం ఉంది: నోటీసు అందిన 60 రోజుల్లో యాంటీ-స్లాప్ మోషన్, అంటే నోరు నొక్కడానికి వేసిన కేసును మొదట్లోనే కొట్టేయమనే వినతి. గెలిస్తే కేసు అక్కడితో ఆగిపోతుంది, లాయర్ ఫీజు కూడా వేసినవాడే కట్టాలి. 61వ రోజున గుర్తొచ్చిందంటే గడువు పొడిగించమని జడ్జిని బతిమాలుకోవాలి. హైదరాబాద్ కోర్టు తీర్పు తెచ్చి ఇక్కడ ఆస్తి జప్తు చేయిస్తానని బెదిరించేవాళ్లుంటారు. 2010 నాటి స్పీచ్ యాక్ట్ ప్రకారం, అమెరికా రాజ్యాంగం ఇచ్చే రక్షణకు తీసిపోయిన విదేశీ పరువునష్టం తీర్పును ఇక్కడి కోర్టు అమలు చేయదు. అలాగని నిశ్చింతగా ఉండలేం. అక్కడ పరువునష్టం క్రిమినల్ నేరం కూడా, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. ఇండియా వెళ్లేటప్పుడు అది గుర్తుండాలి. రెండు దేశాల చట్టాలూ పక్కపక్కన పెట్టి సలహా ఇవ్వగలిగిన లాయర్ విలువ ఇక్కడే తెలుస్తుంది.

డబ్బు సంగతి దాచడం మర్యాద కాదు. పేరున్న ప్రైవేటు లా స్కూల్లో మూడేళ్లకు బతుకు ఖర్చుతో కలిపి 3 లక్షల డాలర్లు దాటుతుంది. పెద్ద ఫర్ముల్లో మొదటి ఏడాది జీతం 2,25,000. అది చూసి అందరూ లెక్కలేసుకుంటారు. కొత్త లాయర్లలో సగటు జీతం దగ్గర ఉండేవాళ్లు దాదాపు లేరు. ఒక గుంపు ఆ అంకె దగ్గర, ఇంకో పెద్ద గుంపు లక్షలోపు. ఏ గుంపులో పడతారో చాలావరకు మొదటి ఏడాది మార్కులే తేలుస్తాయి. పెద్ద జీతానికి బదులుగా ఏడాదికి 1,900 నుంచి 2,000 గంటలు బిల్ చెయ్యాలి. చేసిన పనిని ఆరేసి నిమిషాల ముక్కలుగా రాసుకోవాలి. ఆఫీసులో ఉన్నంతసేపూ బిల్ చేసే సమయం కాదు కాబట్టి అసలు గంటలు ఇంకా ఎక్కువ. ఫెడరల్ జడ్జి దగ్గర ఏడాది క్లర్క్‌షిప్ (జడ్జికి సహాయకుడిగా పని) చేస్తే జీతం తక్కువైనా, బ్రీఫులు బల్ల అవతలివైపు నుంచి ఎలా కనిపిస్తాయో తెలుస్తుంది. లిటిగేషన్‌కి, అంటే కోర్టు కేసులు నడిపే పనికి, దాన్ని మించిన శిక్షణ లేదు. పౌరసత్వం లేనివాళ్లకు దాంట్లో ఆంక్షలున్నాయి, ముందే చూసుకోవాలి.

ఇండియాలో ఎల్ఎల్‌బీ చేసి పెళ్లై ఇక్కడికొచ్చిన అమ్మాయిలు చాలామంది ఆ డిగ్రీ ఇక పనికిరాదనుకుని టెస్టింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. తొందరపడకండి. భారత్ కూడా అమెరికాలాగే కామన్ లా దేశం, అంటే పాత తీర్పులకు చట్టమంత విలువున్న దేశం. చదివిన కాలం కూడా సరిపోతే న్యూయార్క్ బార్ పరీక్ష నేరుగా రాయనిస్తారు. లోటుంటే 24 క్రెడిట్ల ఎల్ఎల్ఎం‌తో సరిచేసుకోవచ్చు. కరస్పాండెన్స్ చదువు లెక్కలోకి రాదు. యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు నేరుగా బార్ పరీక్షల బోర్డుకే చేరాలి, మీ చేతిలో ఉన్నవి చెల్లవు. ఆలస్యమంతా అక్కడే కాబట్టి ఏడాది ముందే మొదలుపెట్టండి. లైసెన్స్ వచ్చినా పెద్ద ఫర్ముల లిటిగేషన్ విభాగాలు జేడీ (ఇక్కడి మూడేళ్ల లా డిగ్రీ) చేసినవాళ్లనే ఎక్కువ తీసుకుంటాయి. స్టూడియోల కాంట్రాక్టుల విభాగాలు, స్ట్రీమింగ్ కంపెనీల రైట్స్ క్లియరెన్స్, చిన్న ఫర్ములు వీళ్లకు నయం.

ఇక సంఘాలు చేయాల్సింది. కన్వెన్షన్‌లో కెరీర్ ప్యానెల్ పేరిట ముగ్గురు పెద్దలను వేదికెక్కించి విజయగాథలు చెప్పించడం మానండి. ఒక గదిలో నకిలీ డిపొజిషన్ పెట్టండి. ఒక ఓవర్సీస్ ఒప్పందం నమూనా రాయించి, పేర్లు మార్చి, హైస్కూల్ పిల్లల చేతికివ్వండి. ఒకరు సాక్షి, ఇద్దరు లాయర్లు, గంటన్నర సమయం. అందులో ప్రాంతం రాయని వాక్యాన్ని ఏ పిల్ల పట్టుకుంటుందో చూడండి. ఆ పిల్ల కాలేజీలో కెమిస్ట్రీ చదివినా, చరిత్ర చదివినా వాళ్లమ్మానాన్నలతో ఓసారి మాట్లాడండి.